ప్చ్

మా గల్లీల నన్ను సూడంగనే
అందరి నోట్లకెల్లి ఒక్కటే చప్పుడు.
కిరాణ కొట్టు కనకలక్ష్మి ప్చ్ అంటది,
రిక్షా దిగే ముసలవ్వ ప్చ్ అంటది,
అంగీల మీద నీళ్లు సల్లుకుంట ఇస్త్రీ ఓదెలన్న
రెండుసార్లు అంటడు.

ఏడేండ్లప్పుడు ఆ చప్పుడు నేనూ నేర్సుకున్న,
ఊరికెనే, వాళ్లను ఎక్కిరిద్దామని.
గిర్మాజీపేట సందుల నిలబడి ప్చ్ అన్న.
ఎదురుంగ ఏదో
నన్నే ఎక్కిరించింది.
చెయ్యి సాపితే సున్నం గోడ.

"బల్లి లెక్క ఏందిరా ఆ నాలిక కొట్టుడు?" అన్నది అమ్మ.
"బల్లి పలికితె సత్యమంటవు గద" అన్న.
అమ్మ నవ్విందో ఏడ్సిందో,
ఆ చప్పుడు ఏ గోడకూ తాకలే.

షట్టరు దించిన దుకాణం
ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగిస్తది, చిల్లర పైసలతో సహా.
యాపచెట్టు ఆకు ఆకుకు ఇంత పంచిపెట్టి
ఆఖరుకు నాకు పిసరంత మిగిలిస్తది.
ఆగిన ఆటో నడుమ బోలు.
ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలైతే
ఎంత కొట్టినా మింగుడే,
బదులు తుమ్ములిస్తయి.
ఏమీ తిరిగి రాని కాడ బస్తాలున్నట్టు.
ఆడ్నే నా కొలువు,
హమాలి సంఘం ఆఫీసుల ఫోన్లెత్తుడు.

రోజూ పొద్దుగాల పాత జిన్నింగు మిల్లు గోడ
నన్ను నూట పన్నెండు అడుగులు తోలుకపోయేది,
ఎడమ భుజానికి ఆనీ ఆనకుంట.
నడుమ ఒక కాడ ఇటుకలూడిన బొంద,
ఆడ నా చప్పుడు లోపలికి తొంగిచూసి వచ్చేది.
ఆ బొంద దాటంగనే కుడికి మళ్లాలె.

మొన్న శనివారం ప్చ్ అన్న.
పోయింది.
మల్ల రాలే.
ఇంకోసారి, నాలిక మంటపుట్టేటట్టు.
దేనికీ తాకకుంట అట్లనే
రైలు స్టేషన్ దాక పోయిందో ఏమో.

రాత్రికి రాత్రి కూలగొట్టిండ్రట. రోడ్డు ఎడల్పు.
"అబ్బ, ఎంత వెలుతురొచ్చిందిరా" అన్నడు
బండి ఆపి ఒకాయన.
ఆ జాగల నాకు
మొదటిసారి చీకటైంది.

కట్టె కొసకు ఇటుక ముక్కలు, ఒక ఇనుప సువ్వ.
ఎటూ కదలక నిలబడ్డ.
అప్పుడు ఎన్కకెల్లి ఎవరో ఆడమనిషి,
ప్చ్.

ఆమె జాలి నా చెవి పక్కకెల్లి పోయి
ముంగట నాలుగడుగుల దూరంల
తలకాయంత ఎత్తున, దేనికో తాకి వచ్చింది.
బోలు ఇనుము. జేసీబీ చెయ్యి అయ్యుంటది.
వంగి తప్పుకున్న.

"ఇంకోపాలి అనుండ్రి అవ్వా."
"ఏంది బిడ్డా?"
"గదే, ఇందాక అన్నరు గద. జర గట్టిగ."
ఆమె అనలే.
గాజులు సర్దుకుంట జల్ది జల్ది పోయింది.

నేనే అన్న మల్ల.
ఈసారి ఆగిన, మామూలుగ ఆగేదానికన్న ఎక్కువసేపు.
ఆలస్యంగ, సన్నగ,
ఆ గోడ ఎన్కాల ఇన్నేండ్లు దాగినదేదో
పలికింది.
నీళ్ల ట్యాంకో, ఎవరిదో మిద్దెనో.

ఫోను తీసి ఆఫీసుకు చెప్పిన,
ఇయ్యాల లేటైతదని.
అడుగులు లెక్కపెట్టుకోవాలె.
ఒకటి.