నూటికి ఒకటిన్నర

గుణదల కొండ మెట్ల వీధిలో
పోల్ నంబర్ నలభై ఏడు కింద
నన్ను ఆపి అడిగింది ఇవాంజలిన్ టీచర్:
"సోమవారం రాత్రి మూడు గంటలసేపు
ఈ లైటు ఆర్పగలరా?"

పదహారేళ్ళుగా వీధిదీపాల పని నాది.
వెలిగించమని తిట్టినవాళ్ళే అందరూ.
ఆర్పమని బతిమాలింది
ఈమె ఒక్కతే.

మే నెల. అర్ధరాత్రి దాటినా
కొండరాళ్ళు వేడి వదల్లేదు.
డాబా మీద తడిపిన గోనెపట్టా,
దాని పక్కన, చీటీ పాడి కొన్న టెలిస్కోపు.
కింద రైలుపట్టాలు, దూరంగా బందరు రోడ్డు,
ఊరు ఊరంతా పైకి ఊదిన పచ్చటి వెలుతురు.
ఆ పొరలోంచే
నంబరు తప్ప పేరు లేని చుక్కనొకదాన్ని
బియ్యంలో రాయిని ఏరినట్టు పట్టుకుంది.

"చూసేది దీన్ని కాదు,
దీని ముందు నుంచి నడిచేదాన్ని."
కనబడుతుందా?
"కనబడదు. ఈ వెలుగు నూటికి ఒకటిన్నర తగ్గుతుంది. అంతే."

నవ్వొచ్చింది.
మా లైన్లలో రోజూ అంతకు పదింతలు పోతుంది,
ఎవరూ లెక్క రాయరు.

తెర మీద చుక్కలు పడుతున్నాయి
నిమిషానికొకటి, గచ్చు మీద తొలి చినుకుల్లా.
పక్కనే ఇంకో వరుస, ఇంకో నక్షత్రానిది.
అదెందుకన్నాను.
"కరెంటు పోతే ముందు ఏం చేస్తారు?"

పక్కింటి వైపు చూస్తాం.
వాళ్ళకీ పోతే నిశ్చింతగా విసనకర్ర వెతుక్కుంటాం.
మనకొక్కరికే పోతే
గుండె గుభేలుమంటుంది.

"అదే ఇదీను. రెండూ తగ్గితే మబ్బు.
ఇదొక్కటే తగ్గితే..."
మాట పూర్తి చెయ్యలేదు.

ఒంటిగంటా ఇరవైకి వరుస ఒంగింది,
ఎండకి సాగిన తీగ
రెండు స్తంభాల మధ్య వేలాడినట్టు.
పక్క వరుస బెసగలేదు.

కింద ఎవరిదో పసిబిడ్డ ఏడుపు,
గూడ్సు బండి ఇనప దగ్గు.
అక్కడెక్కడో
గురుగ్రహమంత నల్లటి ముద్ద
తన సూర్యుడి మొహానికి అడ్డంగా
ఏ మొహమాటమూ లేకుండా పోతోంది.
"రెండొందల ఏళ్ళనాటి సంగతి, ఇప్పుడు మనకు చేరింది" అంది టీచర్.
అప్పటికి ఈ కొండ మీద
ఒక్క స్తంభమూ లేదు.

మూడుంబావుకి తీగ మళ్ళీ బిగిసింది.
ఆమె చెంగుతో మొహం తుడుచుకుని
మిగిలిన మజ్జిగంతా నాకే పోసింది.

పొద్దున ఫిర్యాదుల పుస్తకంలో
మెట్ల వీధి యేసుపాదం గారి దస్తూరీ:
"రాత్రి 47 వెలగలేదు. కుక్క తోక తొక్కాను."
పక్కన 'కారణం' గడి.
ఫ్యూజు, చోకు, వైరు.
పదహారేళ్ళుగా ఈ మూడే రాశాను.
కలం కాసేపు గడి గుమ్మంలోనే నిలబడి
లోపలికి పోకుండా వచ్చేసింది.
'బాగుచేశాం' దగ్గర టిక్కు పెట్టాను.

ఆ ముద్దకి మూడు రోజులకొక చుట్టట.
గురువారం మళ్ళీ ఆర్పాలి.
ఈసారి యేసుపాదం గారిని కూడా
డాబా మెట్లెక్కించాలి,
టార్చి లేకుండా.