అరువు మిషన్

బటూమీలో నాలుగు రోజులుగా ఒకటే వాన.
ఎదుటి బాల్కనీ నుంచి బట్టల తీగ మీద
బుట్టలో ఊగుతూ వచ్చింది ఒతార్ గారి బీపీ మిషన్,
తడవకుండా రొట్టెల సంచీ చుట్టుకుని.

కూర్చున్నాను. పాదాలు నేలకి ఆన్చి,
మాట్లాడకుండా, ఐదు నిమిషాలు.
పట్టీ చేతిని గట్టిగా పట్టుకుంది,
ఏదో అడగబోయి మానుకున్నట్టు వదిలేసింది.
నూట పదహారు. డెబ్భై నాలుగు.

అప్పుల పుస్తకం చివరి పేజీలో రాశాను.
వారంగా అంతే, వంక పెట్టడానికి లేని అంకెలు.
"నీకేం లేదు త్సియాలా" అంది డాక్టరమ్మ.
ఏం లేకపోతే
పిండి బస్తా దగ్గర నిలబడే ఎందుకు నిద్రపోతున్నాను?
మా మూడో అంతస్తు
రోజు రోజుకీ ఎందుకు పైకి జరుగుతోంది?

నిన్న ఒక బటన్ నొక్కబోయి ఇంకోటి నొక్కాను.
పాత అంకెలు బయటికొచ్చాయి, ఆయనవి.
రాత్రి రెండుంపావు: నూట డెబ్భై ఒకటి.
మూడు: నూట అరవై ఎనిమిది.
మళ్ళీ మూడుంపావు.
ఆ వేళకే నేను పొయ్యి వెలిగించడానికి మెట్లు దిగుతూ
ఆ చీకటి కిటికీ చూసి కుళ్ళుకునేదాన్ని,
హాయిగా పడుకున్నాడు ముసలాయన అని.

మిషన్ని బుట్టలో పెట్టాను.
పక్కన వేడి రొట్టె ఒకటి, ఉప్పు వెయ్యనిది.
తీగ లాగుతుంటే చెయ్యి మళ్ళీ బరువెక్కింది.
సగం దారిలో ఆపి,
అటు నుంచి ఆయన లాగడం మొదలయ్యేదాకా
తీగ పట్టుకునే నిలబడ్డాను.