ముందెలా ఉండేవాడివి

అప్పెంజెల్ కొండల మీద మార్చి మంచు ఇంకా వదల్లేదు.
ఉర్బాన్ లోపలికి రాగానే
ఒటీలియా నాడి పట్టుకోలేదు,
బూట్లు విప్పే తీరు చూసింది.
ఎడమ బూటు లేసు దగ్గర
అతని వేళ్లు దారి మరిచిపోయి ఆగాయి.

నేను పని నేర్చుకుంటున్నదాన్ని, రాసుకుంటూ పోయాను:
చేతులు చల్లన. నాలుక పాలిపోయింది.
మాట నెమ్మది. నిద్రలో కూడా
దుప్పట్లోంచి కాళ్లు బయట పెట్టడట.
కింద గట్టిగా గీత గీశాను:
చలవ తత్వం, దిగులు స్వభావం.
వేడినీళ్ల తొట్టి, అల్లం.

ఆవిడ నా కాగితం వైపు చూడనైనా లేదు.
"ముందెలా ఉండేవాడివి?" అంది.

చాలాసేపు పొయ్యిలో కట్టెలే మాట్లాడాయి.
"మంచులో చొక్కా లేకుండా కట్టెలు కొట్టేవాణ్ణి,
మా ఆవిడ తిట్టేది.
మొన్న ఆకు రాలే కాలంలో
పదకొండు ఆవుల్నీ అమ్మేశాను.
ఇప్పటికీ నాలుగింటికే మెలకువ.
పితకడానికేమీ ఉండదు."

"ఇది తత్వం కాదమ్మాయ్,
ఖాళీ కొట్టం" అంది నాతో.
మందేమీ ఇవ్వలేదు.
పక్కలోయ క్రెసెంజియాకి మోకాలు వాచిందని,
పొద్దున్నే పితికే మనిషి దొరకట్లేదని
ఏదో ఊసులా చెప్పింది.

అతను మళ్లీ బూట్లు తొడుక్కున్నాడు.
ఈసారి లేసు దగ్గర ఆగాడో లేదో,
కలం మూసి
నేనూ చూశాను.