గడప ఎత్తు

రేవులన్నీ మూసేశారని ప్రకటించిన సాయంత్రం
ఎదెల్‌మీరా కొలివోరో వంటింట్లో
ఒక్క పోర్టు మాత్రం తెరిచి ఉంది.
నంబరు ఎనభై ఎనభై.

బల్ల మీద తొక్క తీయని బంగాళాదుంపలు,
ల్యాప్‌టాప్ తెర వాలిపోకుండా వెనక ఉప్పు డబ్బా.
తొమ్మిది కిలోమీటర్ల అవతల, కొండ మీద, తాళం వేసిన గదిలో
ఆ పెట్టె.
చిలీ దేశం చివరన ఈ చిలోయే దీవుల్లో
లాంచీ కబురైనా, చావు కబురైనా, తప్పిపోయిన ఎద్దు కబురైనా
అందులో దూరి బయటికి రావాల్సిందే.

అంకెలు కొట్టింది. చుక్క. అంకెలు. చుక్క.
కొండ మీద గాలి డిష్షును పట్టి ఊపినట్టుంది,
సంబంధం తెగింది.
మళ్లీ కొట్టింది.
మూడోసారికి పాస్‌వర్డ్ అడిగింది పెట్టె,
చీకట్లో తలుపు వెనకనించి ఎవరూ అన్నట్టు.
పాస్‌వర్డ్, చచ్చిపోయిన పాత ఇంజనీరు కుక్క పేరు.
మార్చడానికి ఎవరికీ చేతులు రాలేదు.

గోరంత శబ్దాన్ని కొండంత చేస్తుంది ఆ పెట్టె,
కొండంత దాన్ని తల నరికి వరసలో నిలబెడుతుంది.
ప్వెర్తో మోంత్ స్టేషన్లకు దీటుగా మోగాలని
యజమాని కొడుకు పోయిన నెల ఎంచిపెట్టిన అమరిక,
పేరు ‘రాక్, ఇంకా గట్టిగా’.
దాంట్లో ఒక గేటు.
గేటుకి ఒక గడప.
గడప దాటలేని చప్పుడు బయటే ఆగిపోవాలి:
వాన, కుర్చీ కిర్రు, కాగితం, ఊపిరి.

ఆపరేషన్ అయ్యాక రోసమేల్ గొంతు
ఆ గడపకి జానెడు కిందే ఉంటోంది.
లాంచీ పేరు చదువుతాడు, ఆగుతాడు, గుటక మింగుతాడు,
అప్పుడు గాని తరవాతి మాట అందుకోడు.
అతను ఆగగానే గేటు పడిపోతుంది.
లేచేలోపు ఒక మాట బయట తడుస్తూ ఉండిపోతుంది.

మన మాటల్లో ‘రాదు’ అనేది చివర నిలబడుతుంది,
అందరూ వెళ్లాక దీపం ఆర్పేవాడిలా.
వాళ్ల స్పానిష్‌లో కాదనేది ముందు నడుస్తుంది.
ఒకటే అక్షరం. నో.

“అలావో దీవిలో సునిల్దా నవెల్‌కీన్‌కి:
గురువారం లాంచీ
            వస్తుంది.”

గురువారం పొద్దున్నించి చీకటి పడేదాకా
సునిల్దా ర్యాంపు మీద నిలబడింది,
కాళ్లు కట్టిన గొర్రెపిల్లతో, రెండు బస్తాల వెల్లుల్లితో,
ప్లాస్టిక్ సంచిలో మడిచిన ఆస్పత్రి చీటీతో.
రేడియో అబద్ధమాడింది అందట.
ఇరవయ్యేళ్లలో ఆ మాట
ఎదెల్‌మీరా చెవిన పడటం అదే మొదలు.

గడపను దించింది.
మైనస్ ముప్పై రెండునించి మైనస్ నలభై ఎనిమిదికి.
గేటు లేచే వేగం పెంచింది.
కొత్త అమరికకి పేరు పెట్టమంది పెట్టె.
కాసేపు కర్సరును మిణుకుమననిచ్చి
‘రోసమేల్’ అని కొట్టింది.
భద్రపరచాలా? అవును.
గాలి.
సంబంధం తెగింది.
భద్రపరిచిందో లేదో ఆ పెట్టెకే తెలియాలి.

ఏడైంది. రేడియో పెట్టింది.
ముందు వాన వినిపించింది.
తన కప్పు మీది వాన, స్టూడియో రేకుల మీది వాన,
రెండూ ఒకే వంటింట్లో.
తరవాత కుర్చీ.
తరవాత కళ్లద్దాలు తుడిచే గుడ్డ.

ఫోను మోగింది. యజమాని కొడుకు.
“స్టేషన్‌లోకి వాన కారుతోంది!”
“కురుస్తోంది కదా,” అని పెట్టేసింది.

రోసమేల్ చదువుతున్నాడు.
“అలావో దీవిలో సునిల్దాకి: శనివారం లాంచీ...”
ఆగాడు.
గుటక.
ఆ గుటక కూడా కొండెక్కి, దిగి, నీళ్ల మీదుగా వచ్చింది.
దాని వెనకే, చేప పొలుసంత,
నో.

ఎదెల్‌మీరా కత్తిపీట కోసం వెతుక్కుంది.
పాపం, శనివారం కూడా రాదు.