గయ్యాళి జోల

నర్సాపురం లేసు గోడౌన్లో
కిటికీ వైపు మూడో బల్ల నాది.
అంచులు లెక్కపెట్టి, మరకలు వెతికి
అల్లిక తప్పిన ముక్కని పక్కన పడెయ్యడం నా ఉద్యోగం.

ఆ ఏడు ఐర్లండు నుంచి ఒక పెట్టె వెనక్కొచ్చింది,
కొలత తేడా అని నలభై రెండు టేబులు గుడ్డలు.
అడుగున ఒక నల్లటి రికార్డు.
పొరపాటున పడిందో, పాపమని పెట్టారో.
అట్ట మీద ఒకావిడ, కాళ్ళకి చెప్పుల్లేవు,
మనకేసి కాదు, ఎటో బురదకేసి చూస్తోంది.

మైకుసెట్టు వీరాస్వామి అటక మీంచి మిషను దించాడు.
దాని సూది అరిగిపోయిందంటే
మా క్రోషే సూదులన్నీ తెచ్చి చూపించాం.
నవ్వి నవ్వి, పాలకొల్లు వెళ్ళి వేరేది తెచ్చాడు.
"పెళ్ళిళ్ళలో మోగిన మిషనండీ, కాస్త మర్యాదగా చూడండి."

మొదట ఏమీ వినపళ్ళేదు.
చినుకులేమో అని వరహాలు కిటికీలోకి చూసింది.
ఆ గరగరలోంచి మెల్లగా,
పిల్ల లేస్తుందని తలుపు ఒత్తిగిలి వేసినట్టు,
ఒక గొంతు.

జో అనలేదు, లాలి అనలేదు.
షో... షో... అంది.
కోళ్ళని తోలుతోందా అని ఒకటే నవ్వులు.
రెండో పాటకి నవ్వేవాళ్ళు లేరు.

ఓనరుగారబ్బాయి ఫోనులో చూసి చెప్పాడు:
ఆవిడ పెద్ద గొడవ మనిషంట.
మంత్రి ఇచ్చిన బహుమానం
మంత్రి చూస్తుండగానే ఏట్లోకి విసిరేసిందంట.
గంట కొట్టేవాడికి కూలి ఎగ్గొట్టారని
పండగ పూట చర్చి గంట తాడు కోసేసిందంట.
సగం దేశం తిడుతుందంట,
మిగతా సగం తలుపులేసుకుని వింటుందంట.

"గంట కొట్టేవాడికి కూలెంతట?" అంది వరహాలు.
అది మాత్రం ఫోనులో లేదు.

పాస్టరమ్మ సలోమిగారు
"తాడు కోసినదాని పాటా, ప్రార్థన వేళకి?" అని లేచి
గడప దాకా వెళ్ళి, ఒక చెప్పు తొడుక్కుని
రెండో వైపు అయిపోయేదాకా అక్కడే నిలబడింది.

కాంతమ్మ ఒకప్పుడు సంతలో చేపలమ్మింది.
"ఇది బాగా అరిచినోళ్ళ గొంతే పిల్లా.
అరవగా అరవగా అడుగున మిగిలిన మెత్తన.
నాకు తెలీదా" అంది.
సూది మాత్రం ఆపలేదు.

నేనూ ఒకసారి అరిచాను.
దారం ఉండకి రెండు రూపాయలు కోసినప్పుడు
ఏజెంటు రిజిస్టరు గోదాట్లో పారేస్తానన్నాను.
పారెయ్యలేదు.
అయినా ఆ రోజు నుంచి మా వీధిలో
నా పేరుకి ముందు గయ్యాళి.
ఇంట్లో ఎంత నెమ్మదిగా మాట్లాడతానో
అడిగినవాళ్ళు లేరు.

మూడు గంటలకి కరెంటు పోయింది.
పాట సాగి సాగి, మగ గొంతై, ఆగింది.
అవతల సఖినేటిపల్లి పంటు కూత వేసింది.
ఎవరూ లేవలేదు.
కరెంటొచ్చాక "మొదట్నుంచీ వెయ్యి" అన్నది
ఒక చెప్పు మనిషే.

తర్వాతి పెట్టె వెళ్ళేటప్పుడు
లెక్కలో లేని ముక్క ఒకటి వేశాం.
రికార్డంత గుండ్రంగా, నడిమధ్య చిల్లు వదిలి,
తొమ్మిది మంది అల్లింది.
చీటీ రాయమని నాకిచ్చారు.
చాలాసేపు కూర్చుని
"బాగుందండీ" అని రాశాను. తెలుగులోనే.
ఆవిడ ఊరేదో కూడా తెలీదు.

చేరిందనుకోను.
ఏ కొట్టులోనో, ఏ టీ కప్పు కిందో ఉండుంటుంది.
అంచులో ఒక్కచోట, వరహాలు వంతులో,
అల్లిక తప్పింది.
చూశాను.
పక్కన పడెయ్యలేదు.