కారు ఒకటి, పడవ ఒకటి

నౌపడా గేటు పాత పుస్తకంలో ఇంకా ఉంది ఆ పద్దు:
"కారు ఒకటి. దాని వెనక పడవ ఒకటి.
పడవలో మనుషులు లేరు."
గేట్‌మన్ జన్ని దండాసి చేతిరాత.
బండి నంబరు గడిలో పడవకి ఏం రాయాలో తెలీక
చాప రంగు రాశాడు: కావి.

ఉప్పు ఇన్‌స్పెక్టరు పట్నాల జోగారావు గారు
ఆదివారానికో సముద్రం మార్చేవారు.
ఓ వారం భావనపాడు, ఓ వారం బారువ.
కారు చిన్నది. మెట్ట వస్తే దిగి తోసేవాళ్లం
నేనూ మా అయ్యా.
పడవ కింది బండి అతికింది మా అయ్యే,
టెక్కలి సంతలో దొరికిన జట్కా ఇరుసుతో.
ఇనప గుండు మీద ఇనప గిన్నె బోర్లిస్తే
కారు ఎటు తిరిగితే పడవ అటు.

మా అవ్వ సూరాడ నూకాలు
దాని చుట్టూ ఒకసారి తిరిగి, ముక్కు విరిచి
"ఇప్పనేని పడవేటి పడవ?" అంది.

తెప్పంటే నాలుగు దుంగలు.
తెల్లారి కడితే పడవ,
మధ్యాహ్నం విప్పితే ఇసకలో ఆరే కర్రలు.
నాలుగు దుంగలకి నాలుగు భుజాలు.
తాత కుడి భుజం మీద కాయ
చందువా చేప కన్నంత ఉండేది.
ఊరు మారాలంటే సముద్రమే దారి,
నేల మీద తెప్పకి పనేముంది?

విప్పలేని పడవ వచ్చాకే చక్రాలు.
చక్రాలొచ్చాక కారు.
కారొచ్చాక పెట్రోలు, గేటు, పద్దు.

కళింగపట్నం పోయిన రోజు
మడపాం వంతెన మీద సుంకం కుర్రాడు చెయ్యడ్డం పెట్టాడు.
"నీల్ల మీద పోయేదానికి వంతెన సుంకమేటి బావూ?"
వాడు కిందకి చూశాడు.
వంశధారలో నాటు పడవలు ఊరికే దాటుతున్నాయి.
మాది పైనుంచి, పొడిగా,
రూపాయి పావలా కట్టి దాటింది.

జోగారావు గారికి బదిలీ అయింది.
పడవ మొగదలపాడులో బోర్లా పడి
కొన్నేళ్లు మేకలకి కప్పయింది.
బండి మాత్రం ఉంది,
పలాసలో బొలెరో వెనక జీడిపిక్కల బస్తాలు మోస్తూ.
గుండు అరిగి
నిమ్మకాయంత అయింది.

మొన్న దండాసి మనవడు
పాత కాగితాల్లో ఆ పుస్తకం చూపించాడు.
వేలు పెట్టి చదివాను.

అది తప్పు పద్దు.
ఆ రోజు గేటు దగ్గర
కావి చాప మడతల కింద, తారు వాసనలో
ఊపిరి బిగబట్టి పడుకున్నాను నేను.
తొమ్మిదేళ్లు నాకు.
కింద రోడ్డు గతుకులు
ఒకదాని వెంట ఒకటి వస్తుంటే
అలలనే అనుకున్నాను.