నాలుగో అంతస్తులో నీళ్లు

మొదట నా వంటింటి కప్పు మీద
టీ కప్పు అడుగంత మరక.
మర్నాటికి పళ్లెమంత.
మూడోనాడు సూప్ గిన్నెలో టప్పున పడితే
ఇంటి చెప్పులైనా మార్చకుండా మెట్లెక్కాను,
పోట్లాడ్డానికి.

తలుపు తీసినాయనకి మోచేతుల దాకా నలుపు.
ఓస్ట్రవాలో ఆఖరి గని మూతపడి ఏళ్లయింది,
ఇంకా ఈ నలుపెక్కడిదనుకున్నాను.
పీట్ మట్టి. సిలికాన్ జిగురు.
"క్షమించండి యార్మిలా గారూ, అతుకు ఒకచోట వదిలింది."

బల్ల మీద గాజు పెట్టె,
చేపలు చచ్చాక ఎవరో చవగ్గా అమ్మేసింది.
వెనకగోడ మీద నురుగు పోసి, గట్టిపడ్డాక
రొట్టె కోసే చాకుతో కొండ చెక్కాడట
(ద్రహోమీరా ఇప్పుడు రొట్టె చేత్తో తుంచుతోంది).
అడుగున మట్టిగోళీలు, వాటి మీద వల,
వల మీద మన్ను, నాచు, వేలెడేసి ఫెర్న్ మొక్కలు.
బూజు తినడానికి, కంటికానని తెల్లపురుగులు కూడా
డబ్బిచ్చి కొన్నాడు.

చిక్కంతా జలపాతంతోనే.
నీరు పల్లమెరుగు అంటారు గానీ
ఈ నీరు రాతి పెదవి దాకా వచ్చి
దూకడానికి జంకి,
రాతి కడుపు కిందికి మెలికపడి, కరుచుకుని పాకి,
గోడ వెంబడి, బల్లకోడు వెంబడి
నా సూప్‌లోకి.

వ్లాస్తిమిల్ ముప్పై ఒక్క ఏళ్లు
ఎనిమిది వందల మీటర్ల లోతున పంపులు నడిపాడు.
"అక్కడ నీళ్లని పైకి తోసి పారబోయడం మా పని.
ఇక్కడ పైకి తోసేది, పడుతుంటే చూడ్డానికి."
నవ్వలేదు.
అంచున పలకముక్క ఒకటి అతికించాడు,
గోరంత ముందుకు.
అప్పుడు దూకింది.
జానెడు ఎత్తు.
నేను పోట్లాట మర్చిపోలేదు, వాయిదా వేశాను.

కొన్నాళ్లకి జేబురుమాలు విప్పి నల్లరాయి చూపించాడు.
పని ఆఖరి రోజు, అన్నం డబ్బాలో దాచి తెచ్చింది.
దాని మీద ఆకు అచ్చు, ఈనెలు లెక్కపెట్టొచ్చు.
ముప్పై కోట్ల ఏళ్ల కిందటి ఫెర్న్.
పచ్చి ఫెర్న్ పక్కనే నిలబెట్టాడు, తుంపర తగిలేలా.

వారం తిరక్కుండా రాయి పొరలు విచ్చుకుంది.
ఆకు నల్లటి మడ్డయి నీళ్లలో దిగిపోయింది.
మెట్ల మీద ద్రహోమీరా గొంతు తగ్గించి చెప్పింది,
ఇంట్లో ఎవరో పోయినట్టు.
ఆయన మాత్రం ఆ మడ్డిని చెంచాతో తీసి
మొక్క మొదట్లో వేశాడట.
"దాని మన్నే కదా."

రాత్రి పదింటికి పంపు ఆపాలన్నాను,
గోడ మీది భవనం నిబంధన చూపించి.
ఆపాడు.
రెండు రాత్రులు నా నెత్తిన అడుగుల చప్పుడు,
కిటికీ దాకా, మళ్లీ తలుపు దాకా.
గనిలో పంపు ఆగితే అర్థం ఒకటే,
కింద నీళ్లు లేస్తున్నాయని.
మూడోరాత్రి నేనే వెళ్లి చెప్పాను,
నడవనివ్వండి అని.

నిన్న వేకువన కరెంటు పోయింది.
నేను నడిపే మొదటి ట్రామ్‌కి ఇంకా గంటుంది.
చప్పుడు ఆగినందుకు మెలకువొచ్చింది నాకు.
పైన మంచం కిర్రుమంది.
పాదాలు నేల మీద ఆనాయి, కదల్లేదు.
చీకట్లో కప్పుకేసి చూస్తూ పడుకున్నాను
(ఆ మరకకి ఇంకా సున్నం వెయ్యలేదు),
పైన ఆయన, కింద నేను,
చెవులు రిక్కించి.

ముందు నా ఫ్రిజ్ మూలిగింది.
తర్వాత పైన ఒక గుటక.
ఇంకో గుటక.